నంబర్ ప్లేట్లు నిలబెట్టిన అద్దం

ఓర్లాండో నుంచి తూర్పుగా సముద్రం వైపు సాగే రోడ్డు మీద మా ముందు ఒక పాత పికప్ ట్రక్కు వెళ్తోంది. దాని వెనక నంబర్ ప్లేటు మీద పైకి లేస్తున్న స్పేస్ షటిల్ బొమ్మ, దానికి తోడు చాలెంజర్, కొలంబియా అని రెండు పేర్లు. కారు నడుపుతున్న మా మేనల్లుడు అటు చూపించి, ‘‘మామయ్యా, మనం చూడబోయే రాయికి డబ్బులిచ్చింది అదే’’ అన్నాడు. ఆ ట్రక్కు యజమాని ఎవరో పెద్ద దాత కాబోలు అనుకున్నాను. ‘‘మనిషి కాదు మామయ్యా, ఆ రేకు’’ అన్నాడు.

ఫ్లోరిడాలో నంబర్ ప్లేటును ‘ట్యాగ్’ అంటారు. ఆ రాష్ట్రంలో కారు ముందు ప్లేటు ఉండక్కర్లేదు, వెనక ఒక్కటి చాలు. అందుకే అక్కడి వాళ్లు ఏదైనా మనసులో మాట చెప్పాలనుకుంటే ఆ ఒక్క రేకు మీదే చెబుతారు. దాన్ని చదివేది వెనక వచ్చే బండి వాళ్లు. ఆ ఉదయం చదివింది మేము.

బ్రెవార్డ్ కౌంటీలోకి అడుగుపెడితే ఊళ్లన్నీ రాకెట్ల నీడలోనే కనిపిస్తాయి. అక్కడి టెలిఫోన్ ఏరియా కోడ్ కూడా 321. రాకెట్ ఎగరబోయే ముందు వెనక్కి లెక్కపెడతారు కదా, దాన్ని గుర్తుచేసేలా 1999లో కోరి తెచ్చుకున్న అంకె అది. టైటస్‌విల్ దాటాక ఇండియన్ రివర్ అనే వెడల్పాటి ఉప్పునీటి సరస్సు వస్తుంది. దాని మీద కట్టిన దారిలో వెళ్తుంటే రెండు పక్కలా నీళ్లు, నీళ్ల మీద పెలికాన్లు, దూరంగా చదునైన నేల, ఆ నేల మీద షటిళ్లను నిలబెట్టి సిద్ధం చేసిన బ్రహ్మాండమైన భవనం. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉండదు. అక్కడా ఇలాగే నీళ్ల మధ్య రోడ్డు, ఇలాగే పక్షులు, అవతల సముద్రాన్ని ఆనుకుని రాకెట్లు. రెండు కేంద్రాలూ తూర్పు తీరానే ఉండటానికి కారణం ఒక్కటే. భూమి తిరిగే దిశలో, మనుషులు లేని సముద్రం మీదుగా రాకెట్‌ను పంపాలి. పొరపాటున కూలినా ఇళ్ల మీద పడకూడదు.

కెన్నెడీ స్పేస్ సెంటర్ సందర్శకుల ప్రాంగణంలో జనం ముందు రాకెట్ల తోటకీ, అట్లాంటిస్ షటిల్ ఉన్న భవనానికీ పరుగులు పెడతారు. మేము చూడటానికి వెళ్లింది ఒక పక్కగా, నీటి కొలను వెనక నిలబడి ఉంది. పేరు స్పేస్ మిర్రర్ మెమోరియల్. 42.5 అడుగుల ఎత్తు, 50 అడుగుల వెడల్పు ఉన్న నల్లటి గ్రానైట్ గోడ. అద్దంలా నునుపు చేసిన రాయి కావడంతో దూరం నుంచి చూస్తే అక్కడ రాయి ఉన్నట్టే అనిపించదు, ఆకాశంలో ఒక ముక్క కిందికి దిగి నిలబడినట్టు ఉంటుంది. మబ్బులు ఆ గోడలో నెమ్మదిగా కదులుతుంటాయి.

దగ్గరికి వెళ్తే పేర్లు కనిపిస్తాయి. మన ఊళ్లలో శిలాఫలకాల మీద చెక్కి, రంగు నింపిన అక్షరాల్లాంటివి కావు ఇవి. రాయిని ఇటు నుంచి అటు దాకా పూర్తిగా తొలిచేశారు. వెనక నుంచి వెలుగు ఆ తొలిచిన సందుల్లోంచి ముందుకు వస్తుంది. రాయిలో ఆకాశం, ఆకాశంలో వెలుగుతున్న పేర్లు. ఒకే ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లను ఒకచోటే చేర్చారు. గోడ చిన్న చిన్న పలకలుగా విభజించి ఉంటుంది. అందులో చాలా పలకలు ఖాళీ. నేను పేర్ల కంటే ఆ ఖాళీ పలకల ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

మొత్తం 25 పేర్లు. వాటిలో మొదట పోయిన మనిషి థియోడర్ ఫ్రీమన్. 1964లో హ్యూస్టన్ దగ్గర ఆయన నడుపుతున్న శిక్షణ జెట్‌కు ఒక పెద్దబాతు తగిలింది. అంతరిక్షం చూడకుండానే వెళ్లిపోయాడు. 1967 జనవరి 27న నేల మీదే, పరీక్ష జరుగుతుండగా, అపోలో-1 క్యాబిన్‌లో మంటలు లేచి గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో రాబర్ట్ లారెన్స్ పోయాడు. అమెరికా వ్యోమగామిగా ఎంపికైన మొదటి నల్లజాతీయుడు ఆయన. కానీ ఆయన పేరు ఈ రాతికి ఎక్కడానికి 30 ఏళ్లు పట్టింది. ఆయన ఉన్నది వైమానిక దళం కార్యక్రమంలో, అంతరిక్షం దాకా వెళ్లనూ లేదు. దాంతో ఆయన్ని వ్యోమగామిగా లెక్కించాలా వద్దా అన్న వాదన అంత కాలం సాగింది. 1997లో చెక్కారు. సోనీ కార్టర్ అనే వ్యోమగామి మామూలు ప్రయాణికుల విమానం కూలి 1991 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ తర్వాతి నెలలోనే, మే 9న, ఈ స్మారకాన్ని జాతికి అంకితం చేశారు. అమెరికా కాంగ్రెస్ దీన్ని జాతీయ స్మారకంగా గుర్తించింది.

జాతీయ స్మారకమే. కానీ ఈ రాయిని నిలబెట్టిన డబ్బు ఫ్లోరిడా రోడ్ల మీద తిరిగే కార్ల నుంచి వచ్చింది.

1986 జనవరి 28. ఆ ఉదయం ఫ్లోరిడాకు అలవాటు లేని చలి. చాలెంజర్ లేచిన 73 సెకన్లకు, కుడివైపు బూస్టర్ అతుకులో రబ్బరు రింగు చలికి బిగుసుకుపోయి సరిగా మూసుకోకపోవడంతో, ఆకాశంలోనే ముక్కలైంది. లోపల ఏడుగురు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ న్యూహాంప్‌షైర్ నుంచి వచ్చిన బడి పంతులమ్మ. 11,000 మందికి పైగా టీచర్లు దరఖాస్తు పెడితే ఎంపికైన ఒక్కరు ఆవిడ. అంతరిక్షం నుంచి పిల్లలకు పాఠం చెప్పాల్సి ఉంది. దేశమంతటా పిల్లలు తరగతి గదుల్లో టీవీల ముందు కూర్చుని ఉన్నారు. బ్రెవార్డ్ కౌంటీ పిల్లలకు టీవీ అక్కర్లేదు. వాళ్లు బడి ఆవరణలోకి వచ్చి తలెత్తి చూశారు.

ఈ తీరానికి అది టీవీలో వచ్చిన వార్త కాదు, ఇంటి చావు. ఆ షటిల్‌ను తుడిచి, బిగించి, నింపి పంపినవాళ్లు ఆ వీధుల్లోనే ఉంటారు. మళ్లీ షటిల్ ఎగరడానికి రెండున్నరేళ్లు పైనే పట్టింది. ఆ దుఃఖంలోంచే ఓర్లాండోకు చెందిన అలన్ హెల్మన్ అనే ఆర్కిటెక్టుకు స్మారకం ఆలోచన వచ్చింది. ఆస్ట్రోనాట్స్ మెమోరియల్ ఫౌండేషన్ ఏర్పడింది. స్మారకం ఎలా ఉండాలో పోటీ పెడితే వందల నమూనాలు వచ్చాయి. మరి డబ్బు? రాష్ట్ర శాసనసభ ఒక దారి చూపింది. చాలెంజర్ పేరుతో ప్రత్యేక నంబర్ ప్లేటు తెస్తాం, మామూలు రిజిస్ట్రేషన్ రుసుము మీద కొంత అదనంగా కట్టినవాళ్లకు అది ఇస్తాం, ఆ అదనం స్మారకానికి వెళ్తుంది. 1987 జనవరి నుంచి అమ్మకాలు మొదలయ్యాయి. ఫ్లోరిడాలో ఇలాంటి ప్లేట్లకు అదే మొదలు. నాలుగేళ్లు తిరిగేసరికి 60 లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుతో ఈ గోడ లేచి నిలబడింది.

ఆ డబ్బు వసూలయ్యే తీరు గురించి మా మేనల్లుడు ఇంకో మాట చెప్పాడు. ఫ్లోరిడాలో సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు యజమాని పుట్టినరోజుతో ముగుస్తుంది. ప్రతి పుట్టినరోజుకూ కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసులో డబ్బు కట్టి, ఆ ఏడాది స్టిక్కర్ తెచ్చుకుని ప్లేటు కుడివైపు పైమూలన అంటించుకోవాలి. కావాలంటే రెండేళ్లకు ఒకేసారి కట్టుకోవచ్చు. చాలెంజర్ ప్లేటు ఉన్నవాళ్లు ఆ రోజుల్లోనే మరో 25 డాలర్లు కలిపి కడతారు. తమకు ఇంకో ఏడు నిండిన పూట, ఏళ్లు నిండకుండానే పోయినవాళ్ల కోసం. ఎవరో కూర్చుని ఇలా ఆలోచించి పెట్టిన నియమం కాదు, రిజిస్ట్రేషన్ చట్టం అలా ఉంది, అంతే. అయినా ఆ మాట విన్నాక ఆ రేకు నాకు మరోలా కనిపించింది.

చందా అంటే మనకు తెలిసింది ఒక్కసారి ఇచ్చేది. వరద వచ్చిందనో గుడి కడుతున్నారనో వస్తారు, మనం రసీదు తీసుకుంటాం, అయిపోతుంది. ఇక్కడ జ్ఞాపకాన్ని ఏటేటా కొత్తగా ఒప్పుకోవాలి. వద్దనుకుంటే తర్వాతి పుట్టినరోజుకు మామూలు ప్లేటు తెచ్చుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర దాత పేరు గుడి మెట్టు మీద, బడి గోడ మీద, సత్రంలో ఫ్యాను రెక్క మీద కూడా రాస్తారు. అది తప్పని నేను అనను. ఇచ్చినవాడి పేరు చూసి మరొకడు ఇస్తాడు. కానీ ఈ అద్దం మీద ఇచ్చినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. పోయినవాళ్లవే ఉన్నాయి. ఇచ్చినవాళ్లంతా రోడ్ల మీద ఎక్కడో కూరగాయలకో డ్యూటీకో వెళ్తుంటారు.

ఈ గోడ మొదట్లో ఇలా కదలకుండా ఉండేది కాదు. సూర్యుడు ఎటు కదిలితే అటు తిరిగేలా కింద పెద్ద యంత్రం అమర్చారు. వెనక ఉన్న అద్దాలు ఎండను పట్టి పేర్లలోంచి ముందుకు పంపేవి. పొద్దు తిరుగుడు పువ్వు తిరిగినట్టు, అంత రాయీ పగలంతా తిరిగేది. 1997లో ఆ యంత్రం పాడైంది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు బీమాగా వచ్చిన డబ్బు కంటే చాలా ఎక్కువని తేలింది. ఫౌండేషన్ వాళ్లు గోడను అలాగే నిలిపేసి, వెనక దీపాలు పెట్టి, డబ్బును చదువు పనుల వైపు మళ్లించారు. సూర్యుడి వెంట తిరగడమే ఆ నమూనాకు ప్రాణం కదా అని బాధపడినవాళ్లు ఉంటారు. నా మటుకు నాకు వాళ్లు చేసింది సరైన పనే అనిపిస్తుంది. పోయినవాళ్లలో ఒక పంతులమ్మ ఉంది. స్మారకానికి ఆనుకునే ఫౌండేషన్ కట్టించిన సెంటర్ ఫర్ స్పేస్ ఎడ్యుకేషన్ ఉంది. ప్లేట్ల డబ్బు ఇప్పుడు ఆ భవనం నిర్వహణకూ, టీచర్లకు సాంకేతిక శిక్షణకూ వెళ్తోంది. తరగతి గదిలో కొత్త సాంకేతికతను బాగా వాడిన టీచర్లకు వ్యోమగామి అలన్ షెపర్డ్ పేరిట అవార్డు కూడా ఇస్తున్నారు. తిరిగే రాయి కంటే పాఠం చెప్పే మనిషి మిన్న.

ఇక కల్పనా చావ్లా. ఆ పేరు వెతుక్కుంటూనే మనవాళ్లు ఇక్కడికి వస్తారు. 2003 ఫిబ్రవరి 1న, నేలకు దిగడానికి ఇంకా 16 నిమిషాలుండగా కొలంబియా టెక్సాస్ ఆకాశంలో చెదిరిపోయింది. పైకి లేచిన రోజే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలి చేసిన గాయం అది. కల్పనతో పాటు ఆరుగురు. అదే ఏడాది అక్టోబరులో ఏడు పేర్లనూ ఈ రాతిలో తొలిచారు. ప్లేటు కూడా మారింది. చాలెంజర్ పక్కన కొలంబియా చేరింది. జనవరి 27, జనవరి 28, ఫిబ్రవరి 1. మూడు వేర్వేరు ఏళ్లలో జరిగినా మూడు ప్రమాదాలూ క్యాలెండరులో ఒకే వారంలో ఇమిడిపోతాయి. అందుకే ఏటా జనవరి చివర్లో నాసా ఒక స్మృతిదినం పాటిస్తుంది. ఆ రోజు ఈ అద్దం ముందు పూలచక్రం ఉంచుతారు.

కల్పన కర్నాల్ అమ్మాయి. ఆమె పేరు మాత్రం తెలుగు నేల నుంచి లేచిన ఒక ఉపగ్రహానికి ఉంది. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ4 మోసుకెళ్లిన మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి, ఆమె పోయిన నాలుగు రోజులకే కల్పన-1 అని పేరు మార్చారు. ఆమె బతికుండగానే పులికాట్ ఒడ్డు నుంచి వెళ్లిన ఆ ఉపగ్రహం, తర్వాత చాలా ఏళ్లు ఆమె పేరుతోనే మన మబ్బుల బొమ్మలు పంపింది.

గోడ మీద అందరికంటే చివరగా, 2020లో చేరిన పేరు మైకేల్ ఆల్స్‌బరీ. 2014 అక్టోబరు 31న ప్రైవేటు అంతరిక్ష నౌక స్పేస్‌షిప్‌టూను పరీక్షిస్తుండగా అది కూలి చనిపోయిన కో పైలట్. ఆ నౌక తర్వాత అదే నమూనాలో కట్టిన రెండో నౌక యూనిటీ. 2021 జులై 11న ఆ యూనిటీలోనే మన గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల అంతరిక్షపు అంచుకు వెళ్లొచ్చింది. ఆ రోజు తెనాలి నుంచి హ్యూస్టన్ దాకా తెలుగువాళ్లు ఎంత మురిసిపోయారో మనకు గుర్తే. ఆ ప్రయాణం క్షేమంగా జరగడానికి ముందు ఒక ప్రాణం పోయింది. ఆ మనిషి పేరు ఈ రాతిలో ఉంది. శిరీష పేరు తలుచుకునే ప్రతి తెలుగువాడూ ఈ పేరు కూడా ఒకసారి తలుచుకోవాలని నా కోరిక.

చాలెంజర్ ప్లేటు వేసిన దారిలో ఫ్లోరిడా చాలా దూరం వెళ్లింది. ఇప్పుడు అక్కడ విశ్వవిద్యాలయాలకు, ఫ్లోరిడా ప్యాంథర్‌కు, సైనికులకు, వ్యాధులపై పరిశోధనకు ప్లేట్లున్నాయి. స్పేస్ సెంటర్ చుట్టూ ఉన్న ఈ తీరానికే చెందినవి కూడా కొన్ని. బ్రెవార్డ్ ఇసుక మీద రాత్రిపూట సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాష్ట్రంలో వాటి పరిరక్షణ కార్యక్రమానికి ముఖ్యమైన ఆదాయం తాబేలు ప్లేటే. ఇండియన్ రివర్ నీళ్లలో మనాటీలుంటాయి, సముద్రపు ఆవులంటారు, నీటి అడుగున గడ్డి మేస్తాయి. నీళ్లు కలుషితమై ఆ గడ్డి పోవడంతో 2021లో ఆకలికి మాడాయి. ఆ ఒక్క ఏడాది ఫ్లోరిడాలో దాదాపు 1,100 మనాటీలు చచ్చిపోయాయి. ఆ జీవికి ఒక ప్లేటుంది, ఆ సరస్సుకు ఇంకొకటి. ప్లేట్లు అమ్మినంత మాత్రాన మురుగు ఆగదు, ఆ మాట నిజమే. కానీ సరస్సు పేరును రోజూ రోడ్డెక్కించడం కూడా తక్కువ పని కాదు.

ప్రతి ప్లేటుకూ శాసనసభ చట్టం చేయాలి. 2020లో తెచ్చిన మార్పుల ప్రకారం మొత్తం 150 రకాలకు మించకూడదు, ఒక రకానికి సాధారణంగా కనీసం 3,000 మంది లేకపోతే దాన్ని ఆపేస్తారు. జనం మరిచిపోతే ప్లేటు పోతుంది. డబ్బు అందుకున్న సంస్థలు ఏటా లెక్క చెప్పాలి. ఈ లెక్క దగ్గర కళ్లు మూసుకోకూడదనడానికి కాలిఫోర్నియాయే ఉదాహరణ. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో పోయినవాళ్ల స్మృతిగా అక్కడ తెచ్చిన ప్లేటు డబ్బులో, బాధితుల పిల్లల చదువులకు చేరింది చాలా కొద్ది మొత్తమని 2012లో పత్రికలు బయటపెట్టాయి. బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి రాష్ట్రం ఆ నిధిలోంచి అప్పు తీసుకుంది. దాత పేరు లేని చందాలో ఉన్న ప్రమాదం ఇదే. అడిగేవాడు ఎవరో తెలియదు కాబట్టి చెప్పేవాడికి భయముండదు. బ్రెవార్డ్‌లో జనానికి ఆ చిక్కు లేదు. తమ డబ్బు ఏమైందో చూడాలంటే వచ్చి అద్దం ముందు నిలబడితే చాలు.

మన దగ్గర నంబర్ ప్లేటు మీద ఇలాంటి బొమ్మలకు చోటు లేదు, హై సెక్యూరిటీ ప్లేటు దేశమంతా ఒకే తీరు. అదనంగా డబ్బు కట్టేవాళ్లకు మాత్రం కొదవ లేదు. 9999 కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోస్తారు. ఆ డబ్బంతా ఖజానాకు చేరుతుంది. అందులో కొంత భాగాన్ని ఒక పేరుకు, ఒక పనికి కట్టబెడితే ఎలా ఉంటుందని ఆ అద్దం ముందు నిలబడ్డప్పుడు అనిపించింది. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. వాళ్లు ఆకాశంలోకి వెళ్లలేదు, వెళ్లేవాటికి ఇంధనం సిద్ధం చేస్తూ పోయారు. ప్రతి ప్రయోగానికీ మనం చప్పట్లు కొడతాం. ఆ ఆరుగురి గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ. చంద్రయాన్ చూసి మురిసిన రాష్ట్రాల్లో, వాళ్ల పేరిట సూళ్లూరుపేట, నాయుడుపేట బడి పిల్లల సైన్స్ చదువుకు ఏటా కొంత డబ్బు చేరే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు.

ఓర్లాండోలో, టాంపాలో, జాక్సన్‌విల్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను స్పేస్ సెంటర్‌కు ఎలాగూ తీసుకెళ్తారు. రాకెట్ల దగ్గరికి వెళ్లేముందు కొలను వెనక ఉన్న ఆ గోడ దగ్గరికి నడిపించండి, కల్పన పేరు చూపించండి, ఆల్స్‌బరీ పేరు కూడా. పుట్టినరోజు దగ్గరపడి కారు రెన్యువల్ నోటీసు ఇంటికి వచ్చినప్పుడు ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసులో చాలెంజర్-కొలంబియా ప్లేటు అడగండి. మా మేనల్లుడి పుట్టినరోజు ఏప్రిల్‌లో. ఈసారి తన కారుకు అదే వేయించుకుంటానని తిరిగొచ్చే దారిలో చెప్పాడు.